జాతి అన్న గడిలో నేను రాసిన మాట

మా కుక్కను తోడేలని పట్టుకెళ్ళారు. అది కుక్క. కుక్కో తోడేలో తేల్చకుండా ఏడు నెలలు బాపట్లలో ఒక ఇనప బోనులో ఉంచారు. తప్పు జరిగిందని ఒక్కరూ అనలేదు, ఇవాళ్టికీ అనలేదు.

ముందు ఈ నాలుగు మాటలూ రాసిపెట్టుకుని తర్వాత మిగతాది చెబుతాను. ఎందుకంటే ఎవరికి చెప్పబోయినా "మొదట్నించీ చెప్పండి పెద్దాయనా" అనేవాళ్ళు. మొదట్నించీ మొదలుపెట్టి తప్పు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకి భోజనాల వేళయ్యేది.

నేను బళ్ళో చదివింది ఐదో తరగతి దాకానే. ఆ తర్వాత తెనాలిలో ఒక అచ్చాఫీసులో సీసం అక్షరాలు పేర్చే పనిలో చేరాను. పేర్చిన అక్షరాల్ని తలకిందులుగా చదవడం బాగా అబ్బాక తిన్నగా చదవడం అలవాటు చేసుకున్నవాణ్ణి. పంచాంగం ఇస్తే పంచాంగం, వైద్యం పుస్తకం ఇస్తే వైద్యం, ఏది పేర్చమంటే అది చదివాను. ఇంగ్లీషు కూడా నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూడబలుక్కున్నాను. అన్నిటికన్నా ఎక్కువగా పేర్చినవి మాత్రం సర్కారు ఫారాలు. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు. గడులు కట్టడం అందరికీ వచ్చే పని కాదు. గీతల కోసం ఇత్తడి రేకులు కొలిచి కోసి, ఏ గడిలో మనిషి ఎంత రాస్తాడో ముందే ఊహించి, అంత చోటు వదలాలి. నలభై ఏళ్ళు అదే పని. అందుకని ఏ ఫారంలోనైనా ఒక గడి కనపడితే, దాన్ని ఉన్నదున్నట్టు నింపకపోతే ఎవరినో మోసం చేసినట్టుంటుంది నాకు. ఇది నా జబ్బు. మా కుక్క దీనివల్లే పోయింది.

మా బావమరిది రేపల్లె దగ్గర రొయ్యల చెరువు చూసుకుంటాడు. భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు. చెరువు కాపలాకని, ఊళ్ళు తిరిగి కుక్కపిల్లల్ని అమ్మే మనిషెవరి దగ్గరో ఒక పిల్లను కొన్నాడు. మేము వెళ్ళేసరికి అది చెరువుగట్టు మీద గంప కింద మూసిపెట్టి ఉంది.

"మామూలు కుక్క కాదు బావా ఇది. తల్లి జర్మన్ షెపర్డు, తండ్రి తోడేలంట. సీమ వైపు కొండల్లోంచి తెచ్చాడంట."

"తోడేలు దిగొచ్చి కాపరం చేసి వెళ్ళిందా?" అన్నాను.

"నవ్వకు బావా. ఇది మొరగదు, ఊళ పెడుతుంది. అది విని పనివాళ్ళు ఇద్దరు రావడం మానేశారు. నాకెందుకీ గోల, ఎక్కడైనా వదిలేసొద్దామనుకుంటన్నా."

ఈలోపు మా ఆవిడ గంప ఎత్తేసింది. అది బయటికొచ్చి ఆమె చీర కుచ్చిళ్ళ మీద పడుకుంది. అంతే, ఇక వదిలేసే మాట లేదు. ఆ సాయంత్రం రేపల్లె పాసింజర్లో ఆమె ఒళ్ళో కూర్చుని తెనాలి వచ్చింది. జంపనిలో బండి ఆగినప్పుడు నా పంచె మీద కక్కింది.

"పాపం, అమ్మాయికి రైలు పడలేదండి," అంది మా ఆవిడ.

అమ్మాయి అన్న ఆ మాటే దాని పేరయింది. మాకు పిల్లల్లేరు.

పెరిగాక అది చూడ్డానికి భయంగానే ఉండేది. బూడిద రంగు ఒళ్ళు, సన్నటి పొడుగు కాళ్ళు, పసుపు కళ్ళు. తోక ఎప్పుడూ కిందికే. మా ఆవిడ చేతి పెరుగన్నం తప్ప ఎవరు ఏది పెట్టినా ముట్టేది కాదు. నేను పెట్టినా మూతి పక్కకి తిప్పుకునేది. మా వెనక వీధి చర్చిలో ఆదివారం పొద్దున గంట కొట్టగానే మెడ పైకెత్తి సన్నగా అందుకునేది. పాస్టరుగారు దారిలో కనపడితే, "మీ అమ్మాయి మా పాటలవాళ్ళకన్నా టైముకి అందుకుంటోందండి, పంపించండి చేర్చుకుంటాం," అని నవ్వేవారు.

నేను ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. గ్రంథాలయానికి వెళ్ళి తోడేళ్ళ గురించి దొరికిందల్లా చదివాను. టీ కొట్టు దగ్గర పళ్ళ గురించి, పాదాల గురించి, గుంపులో ఎవరి స్థానమేంటనే దాని గురించి చెప్పేవాణ్ణి. గొలుసు పట్టుకుని రోడ్డు మీదికి వెళితే జనం పక్కకి జరిగి దారిచ్చేవాళ్ళు. డెబ్భై దాటిన మనిషికి, జీవితమంతా ఎవరివో మాటలు పేర్చి కింద తన పేరు లేకుండా అచ్చేసినవాడికి, నలుగురు పక్కకి జరగడం ఎలా ఉంటుందో చెప్పలేను. గర్వం లేదంటే అబద్ధం.

అలా ఉండగా ఒకరోజు మునిసిపాలిటీ ఆటో మైకు పెట్టుకుని తిరిగింది. పెంపుడు కుక్కలకి టీకా వేయించాలి, లైసెన్సు తీసుకోవాలి అని. మా వీధిలో నాకు తెలిసి వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే. కౌంటరులో ఉన్న అమ్మాయి ఫారం ఇచ్చింది. యజమాని పేరు, చిరునామా, రంగు, ఆడా మగా, జాతి. జాతి దగ్గర నా కలం ఆగింది.

"నాటు అని రాసేయండి తాతగారూ. అందరూ అదే రాస్తారు."

"అందరివీ నాటువే కావచ్చమ్మా. మాది కాదు."

"ఎవరు చదువుతారండి ఇవన్నీ?"

"ఎవరూ చదవకపోతే గడి ఎందుకు పెట్టారమ్మా? ఒక మనిషి కొలిచి, కోసి, పేర్చి పెట్టాడు దాన్ని."

ఆ అమ్మాయి పక్కనున్నావిడ వైపు చూసి కళ్ళతో నవ్వింది. నేను గుండ్రంగా, విడివిడిగా రాశాను: తోడేలు, కుక్కల సంకరం. కింద సంతకం పెట్టాను. వాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టే ఎక్కించి, ముద్ర కొట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో దాచాను.

ఆ ఏడు కోతలయ్యాక మా బావమరిది చెరువుగట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. వండిపెట్టే దిక్కు లేక మేము రేపల్లె వెళ్ళి ఉన్నాం. అమ్మాయిని వదిలి వెళితే తినదు కనుక వెంట తీసుకెళ్ళాం. కోసిన చేలల్లో బాతుల్ని మేపుకుంటూ మందలవాళ్ళు దిగి ఉన్నారు. వాళ్ళ బాతులు నాలుగో ఐదో పోయాయి. మా అమ్మాయి అప్పుడు బావమరిది మంచం కోడుకి గొలుసుతో కట్టేసి ఉంది, దానికి నేనూ మా ఆవిడా సాక్ష్యం. కానీ పొద్దుగూకే వేళ పాసింజరు కూత వేస్తే అది ఊళ పెట్టింది. మందలవాళ్ళు విన్నారు. తోడేలు తిరుగుతోందని ఎవరో ఫోను చేశారు.

అడవి జంతువుల సంగతి చూసే ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఆ ఆఫీసు పేరు రాయను. వచ్చినవాళ్ళూ చెడ్డవాళ్ళు కాదు. ఒకాయన వయసు మీరినవాడు, రెండోవాడు కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. అమ్మాయి మా ఆవిడ కాళ్ళ వెనక దూరింది. పెద్దాయన దాన్ని చూసి, మంచం మీదున్న బావమరిదిని చూసి, "కుక్కేలే" అన్నాడు. వెళ్ళిపోబోయేవాడే. వాకిట్లో దాకా వెళ్ళి, ఊరికే అడిగినట్టు అడిగాడు.

"కాగితాలేమైనా ఉన్నాయా అండి?"

"ఎందుకు లేవు?" అన్నాను. సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, రెండు చేతులా ఇచ్చాను.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. రెండోవాడికి చూపించాడు.

"తోడేలని మీరే రాశారు కదండీ."

"సంకరం అని రాశాను."

"మీ సంతకమేనా?"

"నాదే."

గొలుసు వాళ్ళ చేతికి ఇచ్చింది మా ఆవిడే. లేకపోతే బండెక్కేది కాదది. చట్టాన్ని కాదని అడ్డుపడే మనుషులం కాము. వారం రోజుల్లో వచ్చేస్తుందన్నారు, నమ్మాం. బండి కదిలే ముందు రెండోవాడు నా దగ్గరికొచ్చి చిన్నగా అన్నాడు, "కాగితం లేకపోతే ఊరకుక్కని వదిలేసిపోయేవాళ్ళం సార్. ఇప్పుడు రాతలో ఉంది. చూసి కూడా వదిలేస్తే మా ఉద్యోగాలు పోతాయి."

తర్వాత నేను అడవి జంతువుల చట్టం తెప్పించుకుని చదివాను. తోడేలు అందులో మొదటి పట్టికలోనే ఉంది, పులితో పాటు. దాన్ని ఇంట్లో పెట్టుకుంటే జైలు. కుక్క అందులో లేదు. రెంటికీ పుట్టినదాని సంగతి ఎంత వెతికినా నాకు కనపడలేదు. కొన్ని దేశాల్లో తోడేలు నుంచి ఎన్నో తరం అని లెక్క చూసి, దూరపు తరమైతే పెంచుకోనిస్తారట. మన దగ్గర ఆ ముచ్చట లేదు. పరాయి దేశాల నుంచి అచ్చం తోడేల్లాంటి కుక్కల్ని విమానంలో తెప్పించుకున్నవాళ్ళ ఫోటోలు పేపర్లో చూశాను. వాటికి కుక్కలని సర్టిఫికెట్టు ఉంటుంది కనుక అవి కుక్కలు. మా అమ్మాయికి నా చేతిరాత తప్ప ఏముంది?

బాపట్ల వెళ్ళి ఆఫీసరుని అదే అడిగాను.

"సగం తోడేలైతే సగం నేరమా అండి?"

ఆయన నవ్వలేదు. "నేనూ వెతికాను సార్. నాకూ కనపడలేదు. అందుకే రక్తం పరీక్షకి పంపాం."

"ఫలితం ఎప్పుడొస్తుంది?"

"వచ్చినప్పుడు."

బోను ఆఫీసు వెనక రేకుల షెడ్డులో ఉంది. పక్క బోనులో దెబ్బ తగిలిన నెమలి. కాపలా మనిషిది నిజాంపట్నం వైపు. వాళ్ళ వాళ్ళంతా చేపల వేటకి పోయేవాళ్ళేనని, సముద్రం పడక తను ఈ పనిలో చేరానని చెప్పాడు. నన్ను చూడగానే "మాస్టారూ" అని పిలవడం మొదలుపెట్టాడు. మాస్టారిని కాదయ్యా అన్నా వినేవాడు కాదు.

"ఏం తింటల్లేదు మాస్టారూ. మాంసం పెట్టమని రాతలో ఉంది, పెడతన్నా. వాసన కూడా చూడదు."

"పెరుగన్నం తింటుందయ్యా అది. మా ఆవిడ పెట్టాలి."

"తోడేలికి పెరుగన్నమా?" అని నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు.

మరుసటి వారం మా ఆవిడ బాక్సు కట్టుకుని వచ్చింది. నిడుబ్రోలు దాటేదాకా బాక్సు మూత చల్లగా ఉందో లేదో చేత్తో చూసుకుంటూనే ఉంది. బయటి తిండి పెట్టకూడదని రూలుంది. ఆ కాపలా మనిషి, "అమ్మా, నేను అటు నెమలి దగ్గరికి పోతన్నా, నేనేం చూళ్ళేదు," అని పక్కకి వెళ్ళిపోయాడు. ఆమె ఊచల సందులోంచి ముద్దలు పెట్టింది. అమ్మాయి తింది. తిన్నాక చేతిని నోట్లో పట్టుకుని వదల్లేదు, కరవలేదు, ఊరికే పట్టుకుంది. అప్పట్నించి వారానికి రెండుసార్లు ఆ బాక్సు బాపట్ల వెళ్ళింది. మిగతా రోజులు అది పస్తే.

టీకా గడువు వచ్చింది. పశువుల డాక్టరుని బతిమాలాను. "కుక్కని రాసిస్తే వేస్తానండి. తోడేలికి ఈ టీకా వేయమని మా దగ్గర ఎక్కడా లేదు," అన్నాడు. కుక్కని రాసివ్వమని బాపట్ల ఆఫీసులో అర్జీ పెట్టాను. మీది తెనాలి, గుంటూరు జిల్లా. జంతువు దొరికింది రేపల్లెలో, బాపట్ల జిల్లా. లైసెన్సు సంగతి అక్కడి నుంచి రావాలి అన్నారు. తెనాలిలో అడిగితే జంతువు ఇక్కడ లేదు కదండీ అన్నారు. జిల్లాలు విడగొట్టినప్పుడు మా కుక్క మీదుగా గీత గీస్తారని నేను అనుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. ఇది రాయడానికే కూర్చున్నాను, ఇంతసేపూ పక్కదారులు పట్టాను.

రెండో నెలలో ఆ ఆఫీసరు నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. మంచిగానే చెప్పాడు.

"ఫలితం కోసం ఎదురుచూస్తే ఇది తెమలదు సార్. మీరొక కాగితం రాసివ్వండి. 'ఇది నాటు కుక్క. నాకు తెలియక తోడేలు సంకరం అని రాశాను' అని. దాన్ని పెట్టి నేను పైకి రాస్తాను. నా పూచీ మీద మీకు అప్పగించమని అడుగుతాను."

"తెలియక అని రాయాలా?"

"ఆ మాటే ముఖ్యం సార్. తెలిసి రాశానంటే కేసవుతుంది."

నేను లేచి వచ్చేశాను.

తెలియక. ఆ ఒక్క మాట. బడి మానేసిన రోజు నుంచి ఆ మాటని నా మీదికి రానివ్వకుండా బతికాను. అచ్చాఫీసుకి వచ్చే పండితులు ప్రూఫు చూసి, తప్పు వాళ్ళదైనా "నీకు తెలియదులే" అనేవాళ్ళు. అప్పుడు పళ్ళు బిగబట్టి పుస్తకాలు చదివాను. ఆ మాటని నా చేత్తో రాసి, కింద సంతకం పెట్టి, ఆఫీసులో ఇవ్వాలా? పుస్తకాలు చూసి, పళ్ళు చూసి, పాదాలు చూసి రాసినవాణ్ణి నేను!

మా ఆవిడ బాక్సు కట్టుకుని వెళ్ళి వస్తూనే ఉంది. నెలన్నర అలాగే గడిచింది. ఒకరోజు బాపట్ల నుంచి వచ్చి బాక్సు కడుగుతోంది. సగం అన్నం అందులోనే ఉంది.

"ఇవాళ తినలేదా?" అన్నాను.

"రెండు ముద్దలు తింది." బాక్సు బోర్లించింది. "ఏవండీ, ఒకటి అడుగుతాను. తోడేల్ని మీరెప్పుడైనా చూశారా?"

"లేదు."

"మరి తెలియకే కదండీ రాశారు."

అంతే అంది. కోపంగా కూడా అనలేదు.

ఆ పూటే రాశాను. అక్షరం వంకర పోకుండా, నిలువుగా, పేర్చినట్టు రాశాను. మర్నాడు తీసుకెళ్ళేసరికి ఆ ఆఫీసరుకి బదిలీ అయి వారమైంది. కొత్తాయన చదివాడు.

"అప్పుడు అబద్ధం రాశారా, ఇప్పుడు రాస్తున్నారా పెద్దాయనా?"

కాగితాన్ని ఫైల్లో పెట్టాడు. ఫలితం వచ్చేదాకా తనేం చేయలేనన్నాడు. ఆ నెలన్నర నాది. దాన్ని ఏ ఆఫీసు మీదా తోయను.

ఎండలు వెళ్ళి వానలు పట్టాయి. అది ఊళ పెట్టడం ఎప్పుడో మానేసిందని కాపలా మనిషి చెప్పాడు. ఇక్కడ ఆదివారం గంట కొట్టినప్పుడు వీధి వీధంతా వెలితిగా ఉండేది. పాస్టరుగారు దాని గురించి వేళాకోళం మానేశారు.

ఒక పొద్దున్నే ఫోను వచ్చింది.

"మాస్టారూ, మీ పిల్ల పోయిందండి. తెల్లారేసరికి పోయుంది."

మా ఆవిడ పాత నేతచీర ఒకటి మడత పెట్టి చంకన పెట్టుకుంది, చుట్టి తెచ్చుకోవడానికి. మొదటి బండిలోనే వెళ్ళాం. వెళ్ళేసరికి షెడ్డు వెనక పొగ. మొదటి పట్టికలో ఉన్న జంతువు చనిపోతే డాక్టరు కోసి చూసి, సాక్షుల ముందు పూర్తిగా కాల్చేయాలట. వెంట్రుక కూడా బయటికి పోకూడదట. ఆ రూలు మాత్రం ఒక్క పూటలో అమలైంది. గొలుసైనా ఇవ్వమన్నాను. అది కేసు వస్తువన్నారు.

కాపలా మనిషి దూరంగా నిలబడి తలపాగా విప్పి మొహం తుడుచుకుంటున్నాడు. మా ఆవిడ అతని దగ్గరికి వెళ్ళి, "నువ్వేం చేస్తావులే నాయనా," అంది. చీర విప్పకుండా అలాగే ఇంటికి తెచ్చి, పెట్టె అడుగున పెట్టింది.

నేను మరో అర్జీ రాశాను, రిజిస్టర్ పోస్టులో. అడిగింది ఒక్కటే. మీరు కాల్చింది కుక్కా, తోడేలా, ఆ ఒక్క మాట రాసివ్వండి అని. దసరా సెలవులయ్యాక జవాబు వచ్చింది. మా ఆవిడకి చూపు ఆనదు. పైకి చదవమంది. చదివాను.

"విషయము: తమరి పెంపుడు జంతువు గురించి. సూచిక: తమరి అర్జీలు, మరియు 'నాకు తెలియక వ్రాసితిని' అని తమరు సమర్పించిన లేఖ. పై విషయములో తెలియజేయునదేమనగా, సదరు జంతువు రక్త నమూనాను పరీక్షించగా అది పెంపుడు కుక్క అనియు, తోడేలు సంబంధము ఏమియు లేదనియు నివేదిక అందినది. కావున ఇది ఈ కార్యాలయ పరిధిలోని అంశము కాదు. ఈ లేఖ అందిన పదిహేను దినములలోగా తమరు లైసెన్సులో జాతిని సరిచేయించుకొని, స్వయముగా హాజరై, సదరు కుక్కను తీసుకొని వెళ్ళవలెను. గడువులోగా రాని యెడల సదరు కుక్క తమకు అక్కరలేదని భావించబడును."